పసుపెక్కిన గాజు

కరెంటు స్తంభాలు రాకముందు మా గాంధారి చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో రాత్రిపూట పెండ్లి బారాత్ కదలాలంటే నెత్తిన గ్యాసు లైట్లు మోసేవాళ్లు ముందు నడవాల్సిందే. ఆ పెట్రోమాక్స్ లైటు లోపల మాంటిల్ అనే చిన్న జాలీ సంచి వేలాడేది. కొత్త సంచి కట్టి అంటిస్తే నూలు కాలిపోయి బూడిద గూడు మాత్రం మిగిలేది. పంపు కొట్టినకొద్దీ ఆ గూడే కళ్లు చెదిరేలా వెలిగేది. ముట్టుకుంటే పొడి అయిపోతుందని పిల్లల్ని దాని జోలికి పోనిచ్చేవాళ్లు కాదు. ఆ గూడు థోరియం ఆక్సైడు. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో దాని పాళ్లు తేల్చాడు: నూటికి 99 వంతులు థోరియం ఆక్సైడు, ఒక వంతు సీరియం ఆక్సైడు.

దాదాపు యాభై ఏళ్ల తరవాత అదే థోరియం కెమెరా లెన్సుల గాజులో చేరింది. పాత మాన్యువల్ లెన్సులు కొని, అడాప్టరు పెట్టి, ఇవాళ్టి మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించి వాడేవాళ్లు ఈ సంగతిని ఎప్పుడో ఒకప్పుడు కళ్లారా చూస్తారు. అసాహి కంపెనీ పాత టకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సును తెల్లకాగితం మీద నిలబెట్టి లోపలికి చూస్తే, కాగితం పలచటి టీ డికాక్షన్ రంగులో కనిపిస్తుంది. రిపేరు చేసేవాళ్లలో చాలామంది దాన్ని చూసి, "అన్నా, లోపల బాల్సం కరాబైంది, ఇగ ఇది నడువది" అనేస్తారు. రెండు అద్దాలను అతికించే బాల్సం జిగురు పాతబడి పసుపెక్కడం కూడా ఉంది కాబట్టి వాళ్లకు ఆ అనుమానం రావడం సహజమే. కాని ఈ లెన్సుల్లో రంగు మారింది గాజే. ఆ మాట తెలియక ఎన్ని మంచి లెన్సులు తుక్కు సామాను కింద పోయాయో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అసలు గాజులో థోరియం ఎందుకు కలపాల్సి వచ్చింది?

లెన్సు కాంతిని వంచాలి, కాని రంగులుగా విడగొట్టకూడదు. మామూలు క్రౌన్ గాజు రంగుల్ని పెద్దగా విడదీయదు, అయితే వంచే శక్తి తక్కువ. సీసం కలిపిన ఫ్లింట్ గాజు బాగా వంచుతుంది, దాంతోపాటు రంగుల్నీ చెదరగొడుతుంది. వంచే శక్తి తక్కువైన గాజుతో పెద్ద అపర్చరు లెన్సు చేయాలంటే ముఖాలను బాగా ఉబ్బెత్తుగా అరగదీయాలి. అంత ఉబ్బిన ముఖం నుంచి వచ్చిన బొమ్మ అంచుల దగ్గర అలుక్కుపోతుంది. వక్రీభవన గుణకం (వంచే శక్తి) ఎక్కువ, విక్షేపణం (రంగుల్ని విడదీయడం) తక్కువ ఉన్న గాజు దొరికితే ముఖాలు చదునవుతాయి, చీకట్లో కూడా పనిచేసే లెన్సు చేతికొస్తుంది. 1884లో జర్మనీలోని యేనా పట్టణంలో ఒట్టో షాట్, ఎర్న్‌స్ట్ అబ్బే, కార్ల్ జైస్ కలిసి పెట్టిన గాజు కార్ఖానా బేరియం గాజులతో కొంత దారి తీసింది. ఆ తరవాతి పెద్ద అడుగు పడటానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

ఆ అడుగు వేసింది రాళ్లను చదివే మనుషులు కావడం ఈ కథలో నాకు చాలా ఇష్టమైన భాగం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ గాజు ఆగిపోయేసరికి అమెరికా సైన్యానికి బైనాక్యులర్ల గాజు కరువైంది. వాషింగ్టన్‌లో కార్నెగీ సంస్థకు ఒక భూభౌతిక ప్రయోగశాల ఉండేది. రాళ్లు ఏ వేడికి కరుగుతాయో, చల్లారుతూ ఎలా గట్టిపడతాయో తేల్చడం అక్కడివాళ్ల పని. గాజు కూడా కరిగి గట్టిపడ్డ రాయిలాంటిదే కనుక 1917లో ఆ శాస్త్రవేత్తలనే గాజు కొలిముల దగ్గరికి పంపారు. ఆ ప్రయోగశాలకే చెందిన జార్జ్ మోరీ యుద్ధం ముగిశాక కూడా గాజును వదల్లేదు. ఇసుకను పక్కనబెట్టి బోరిక్ ఆక్సైడును ఆధారం చేసుకుని లాంథనం, థోరియం, టాంటలం లాంటి అరుదైన మూలకాలను అందులో కలిపాడు. ఆ కరుగు మట్టి మూసలను తినేస్తుంది కాబట్టి ప్లాటినం మూసల్లో కాచాల్సి వచ్చింది. అలా వచ్చిన గాజు, ఫ్లింటులా వంచుతూనే రంగుల్ని క్రౌనులా కట్టడిలో పెట్టింది. 1939లో మోరీ పేరున పేటెంటు వచ్చింది. హక్కు ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీది.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. విమానంలోంచి రాత్రిపూట కూడా నేలను ఫోటో తీయడానికి కొడాక్ వాళ్లు ఏరో ఎక్టార్ 178 ఎం.ఎం. ఎఫ్ 2.5 లెన్సులు చేసిచ్చారు. అందులో థోరియం గాజు ఉంది. ఆ లెన్సునే అమెరికా ఫోటో జర్నలిస్టు డేవిడ్ బర్నెట్ పాత స్పీడ్ గ్రాఫిక్ కెమెరాకు బిగించి 2004 అధ్యక్ష ఎన్నికల ప్రచారాన్ని ఫోటోలు తీశాడు.

ఇంతకీ ఈ గాజులో కలిపే థోరియం దొరికే ముఖ్య ఖనిజం మోనజైటు. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు తీరంలో దాని జాడ పట్టుకున్నాడు. అప్పట్లో మాంటిళ్లు చేసేవాళ్లకు అదే బంగారం. ఆ ఇసుక మన తీరంలోనూ ఉంది. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు ఇసుక తిన్నెల్లో మోనజైటు గింజలు కలిసి ఉన్నాయి. దేశంలో మోనజైటు నిల్వలు అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. మన దేశపు మోనజైటులో తొమ్మిది, పది శాతం దాకా థోరియం ఆక్సైడు ఉంటుంది. ఆ నిల్వల లెక్కలు కట్టే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత థోరియం గాజు మామూలు కెమెరాల్లోకి వచ్చింది. జర్మనీలో లైట్జ్ కంపెనీ 1953లో తెచ్చిన సమ్మిక్రాన్ లెన్సుల్లో తొలినాటివి కొన్ని థోరియం గాజువే. జపాన్ కంపెనీలు దాన్ని ఎక్కువ కాలం వాడాయి. అసాహి వాళ్ల 50 ఎం.ఎం. ఎఫ్ 1.4 టకుమార్ 1964లో ఎనిమిది అద్దాలతో వచ్చింది, అందులో థోరియం లేదు. కొద్దికాలానికే దాన్ని ఏడద్దాలతో మళ్లీ రూపొందించి వెనకభాగంలో థోరియం గాజు పెట్టారు. ఒక అద్దం తగ్గింది, పదును తగ్గలేదు. కెనాన్ ఎఫ్‌డి 35 ఎం.ఎం. ఎఫ్ 2 మొదటి రకం, కొనికా హెక్సనాన్ 57 ఎం.ఎం. ఎఫ్ 1.2 కూడా ఈ కుటుంబంలోవే.

థోరియం రేడియోధార్మికమని 1898లోనే తెలుసు. మేరీ క్యూరీ, గెర్హార్డ్ ష్మిట్ ఎవరికి వారుగా కనుక్కున్నారు. రేడియం దగ్గరున్న గాజు రంగు మారుతుందని క్యూరీ దంపతులు 1899లోనే చెప్పారు. లెన్సులో జరిగేదీ అదే, కాకపోతే మెల్లగా, గాజు లోపలి నుంచే. థోరియం పరమాణువు విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే కణాలు గాజులో ఎలక్ట్రాన్లను వాటి చోటి నుంచి తన్నేస్తాయి. కొన్ని వెనక్కి రాలేక గాజు నిర్మాణంలోని లోపాల దగ్గర చిక్కుకుపోతాయి. ఆ చిక్కుకున్నవి నీలం కాంతిని మింగేస్తాయి. నీలం పోతే మిగిలేది పసుపు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. శుద్ధి చేసిన థోరియంతో గాజు పోసిన కొత్తలో దాని సంతతి మూలకాలు చాలావరకు ఉండవు. వాటిలో ఒకటైన రేడియం-228 మళ్లీ పుట్టి పోగుపడటానికి ఏళ్లు పడతాయి, దాని అర్ధాయువు 5.75 ఏళ్లు. అందుకే 1967 నాటి లెన్సు కొట్టు దాటిన కొద్ది ఏళ్లకు ఇచ్చిన కిరణాలకన్నా ఇవాళ ఇచ్చేవి ఎక్కువ.

పసుపెక్కిన లెన్సుతో బతుకమ్మను తీసి చూడండి. తంగేడు పసుపు బాగానే పడుతుంది, గునుగు పూల తెలుపు మాసిపోతుంది. కలర్ రీలు రోజుల్లో దాన్ని సరిచేయడం అంత సులువు కాదు. నలుపు తెలుపు రీలు వేసినవాళ్లకు మాత్రం పసుపు ఫిల్టరు ఉచితంగా దొరికినట్టే, ఆకాశం కాస్త ముదురుగా వచ్చి మబ్బులు తేలేవి. డిజిటల్ కెమెరా వైట్ బ్యాలెన్సుతో రంగు సరిచేస్తుంది. అయితే తక్కువ వచ్చిన నీలాన్ని హెచ్చవేసి మరీ సరిచేస్తుంది కనుక నీడల్లో గింజలు తేలతాయి. ముదిరిన లెన్సులో దాదాపు ఒక స్టాపు దాకా, అంటే సగం దాకా, వెలుతురూ పోతుంది. ఎఫ్ 1.4 కోసం ఆశపడి కొన్నవాళ్లకు అది తక్కువ నష్టం కాదు.

దీనికి మందు కూడా కాంతే. అతినీలలోహిత కిరణాలు తగిలితే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలై తమ చోటికి పోతాయి. ఏరో ఎక్టార్లు, టకుమార్లు వాడేవాళ్లు ప్రపంచమంతటా ఇదే చేస్తున్నారు. కొందరు అతినీలలోహిత ఎల్ఈడీ దీపం కింద రోజుల తరబడి పెడతారు. గాంధారిలో ఎండకు కొదవా? బంగ్లా మీద ఎండ సరిపోతుంది, కాని ఏ ఎండ అన్నదే ముఖ్యం. మే నెల ఎండలో నల్లటి లెన్సు గొట్టం కాలిపోయి, లోపలి గ్రీజు పలచబడి అపర్చరు రెక్కల మీదికి పారుతుంది. నేను చలికాలం పొద్దుటి ఎండే వాడతాను. టకుమార్‌లో థోరియం అద్దం వెనకవైపు ఉంటుంది కాబట్టి వెనకభాగం పైకి ఉండాలి. అపర్చరు పూర్తిగా తెరవాలి. కింద వంటింటి అల్యూమినియం రేకు పరిస్తే కాంతి తిరిగి పైకి వస్తుంది. ఒక్క సంగతి మరిచిపోకూడదు: లెన్సు అంటే భూతద్దమే. ఎండను ఒక్కచోటికి చేర్చి గడ్డినీ బట్టనూ అంటించగలదు. గడ్డివాము పక్కన, ఆరేసిన బట్టల దగ్గర పెట్టి పొలానికి వెళ్లిపోవద్దు. కొన్ని వారాల్లో పసుపు పలచబడుతుంది. కొన్ని లెన్సుల్లో లేత చారలాంటి ఛాయ మిగులుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

"మరి ప్రమాదం లేదా?" అని అందరూ అడుగుతారు, అడగాల్సిందే. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 2001లో వేసిన లెక్క ప్రకారం, ఏడాదికి 30 రోజులు, రోజుకు ఆరు గంటలు ఇలాంటి లెన్సును మోసిన ఫోటోగ్రాఫరుకు అందేది 0.02 మిల్లీసీవర్టులు. గాజులో థోరియం అప్పటి గరిష్ఠ పరిమితి అయిన 30 శాతం ఉంటే అది 0.2 దాకా పోవచ్చు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి సగటున ఏటా అందేది 2.4 మిల్లీసీవర్టులు. కాబట్టి భయపడి పారేయాల్సిన వస్తువు కాదు. అలాగని ఆటవస్తువూ కాదు. ఆ అద్దాన్ని అరగదీయకూడదు, పగలగొట్టకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు కీడు అక్కడ మొదలవుతుంది. విడదీసిన అద్దాన్ని భూతద్దంలా కంటికి ఆనించి చూడకూడదు. కంటికి ఆనించే అద్దాల్లో, కళ్లజోళ్లలో ఈ గాజును అమెరికా నియమాలు అనుమతించవు. తలగడ పక్కన పెట్టుకోకుండా బీరువాలో ఉంచితే చాలు.

మోరీ కలిపిన మూలకాల్లోనే ఒకటైన లాంథనం చివరికి థోరియం పని అందుకుంది. లైట్జ్ 1949లో పెట్టుకున్న గాజు ప్రయోగశాల ఆ దారిలోనే పనిచేసింది, 1970లు గడిచేసరికి జపాన్ కంపెనీలూ థోరియాన్ని వదిలేశాయి. లాంథనం కూడా మోనజైటులో దొరుకుతుంది, కాని దాని గాజు ఇలా పసుపెక్కదు. పాత లెన్సులు అమ్మేవాళ్లు కొందరు లాంథనం పేరు వినగానే రేడియోధార్మికం అంటారు, అది పొరపాటు. ఇక మాంటిల్లో వెలుగునిచ్చిన ఆ ఒక్క వంతు సీరియం, గాజులో కలిస్తే కిరణాలు తగిలినా రంగు మారనీయదు. అణు కేంద్రాల్లో, కిరణాలు తగిలే చోట్ల వాడే కిటికీ గాజుల్లో సీరియం కలుపుతున్నది అందుకే.

ఎండ పెట్టిన లెన్సు అలాగే ఉండిపోదు. థోరియం-232 అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్లు, గాజు లోపలి పని ఆగదు. బీరువా చీకట్లో ఏళ్లు గడిస్తే పసుపు మళ్లీ తిరిగివస్తుంది, తరచుగా వెలుతురులో వాడేదానికి మెల్లగా వస్తుంది. అందుకే మూత లోపలివైపు థోరియం గాజు అని, ఎండ పెట్టిన సంవత్సరం ఏదో రాసి పెట్టుకోవాలి. రేపు ఆ లెన్సు ఇంకొకరి చేతికి పోయినా, రిపేరు దుకాణంలో ఎవరూ దాన్ని విప్పి అరగదీయకుండా ఆ రాత కాపాడుతుంది.