చూచి గీచిన పట్టణములు

నాగలమడిక మా ఊరు. ఉత్తర పినాకినీ తీరమున నున్నది. కుక్కె ఆది సుబ్రహ్మణ్యము, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యము, నాగలమడిక అంత్య సుబ్రహ్మణ్యము అని భక్తుల వాడుక. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో చేరినదైనను మా తాలూకాకు ఇంచుమించు మూడు దిక్కుల ఆంధ్రదేశమే. కచేరిలో కన్నడము, ఇంటిలో తెలుగు. పెండ్లిబట్టలకు, వైద్యమునకు మావారు హిందూపురమో పెనుగొండయో పోవుచుందురు. మేమును ఉద్యోగము చాలించిన పిదప పలుమార్లు రొద్దము మీదుగా పెనుగొండకు పోయితిమి. చేతిలో ఒక తెల్లకాగితముల పుస్తకము, రెండు పెన్సిళ్లు తప్ప వేఱు పని లేదు. బస్సులో ఎవరైన "ఏమి పని మీద?" అని అడిగినచో "బొమ్మ గీయుటకు" అని చెప్పుటకు తొలుత సిగ్గుగా నుండెడిది. ఈ పనికి గల పూర్వచరిత్ర తెలిసికొన్నకొలది ఆ సిగ్గు తగ్గినది. ఆ చరిత్రలో కొంత ఇచట వ్రాయుచున్నాము.

మన ప్రాంతపు పట్టణములను ఎదుట కూర్చుండి గీచి అచ్చొత్తించినవారిలో మొదటివారు సైన్యము వెంట వచ్చిన దొరలు. 1791 మార్చి 21వ తేదీన కారన్‌వాలిసు సేనలు బెంగుళూరు కోటను పట్టుకొన్నవి. ఆ దండు వెంట రాబర్టు హోము అను చిత్రకారుడుండెను. అతడు గీచిన బెంగుళూరు, సావనదుర్గము, శివగంగ మొదలగు చిత్రములు 1794లో లండనులో గ్రంథరూపమున వెలువడినవి. ఫిరంగిదళమునకు చెందిన జేమ్సు హంటరు 1792లోనే మరణించెను. అతని మైసూరు దృశ్యములు పండ్రెండేండ్ల తరువాత గాని అచ్చు కాలేదు. ఆ 1792లోనే డానియలు ఇంటిపేరుగల ఒకడును అతని సోదరుని కుమారుడును మద్రాసునుండి బయలుదేరి బెంగుళూరు మీదుగా దక్షిణదేశమంతయు తిరిగి గీచిరి.

దండుతో వచ్చినవాని కంటికి ముందు కనబడునది కోటగోడ. అందుచేత హోము పుస్తకమున బురుజులు, దిడ్డివాకిళ్లు, టిప్పూసుల్తాను మహలు ప్రధానములు. అట్టి చిత్రములలో మనుష్యులు గోడ యెత్తు తెలుపుటకు నిలిపిన కొలకఱ్ఱలవలె మాకు తోతురు. పేటలోని సాలెవాని యిల్లు ఎట్లుండెనో వాటివలన తెలియదు. సేనలు నడచిన బాట శ్రీరంగపట్టణమునకు పోవునది. మా ఉత్తరపు మెట్టపొలములు ఆ బాటకు దూరము.

తరువాత వచ్చిన కాలిను మెకంజీ సంగతి వేఱు. ఈయన స్కాట్లండు నకు చెందిన లూయిసు ద్వీపమున 1754 ప్రాంతమున జన్మించి, 1783లో మద్రాసు చేరెను. టిప్పూ పతనానంతరము మైసూరు రాజ్యమును కొలుచు పని ఈయనకు అప్పగింపబడెను. భూమి కొలుచుట ఒక్కటే ఆయనకు చాలలేదు. గుడి, శాసనము, కోట, వీరగల్లు కనబడినచో చిత్రకారులచే గీయించెను. ఆ పనికి నడుము కట్టినవారిలో ముఖ్యులు మన తెలుగువారు, ఏలూరివారైన కావలి సోదరులు. పెద్దవాడైన వెంకట బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే కాలధర్మము నొందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వీరు ఊరూర కరణములను, శానుభోగులను కలిసికొని, కడితములు విప్పించి, వృద్ధుల నోట విని కైఫీయతులు వ్రాయించిరి. తాలూకా కచేరిలో గుమాస్తాగా తల నెరసిన మాకు ఆ భాగము చదివినప్పుడు ఒడలు పులకించెను. కడితము విప్పి చూపుమని శానుభోగుని అడుగుట ఎంత కష్టమో మాకు తెలియును!

ఆ గీతల విలువ అమరావతి విషయమున తేటపడినది. 1797లో మెకంజీ అచటికి తొలిసారి పోయినప్పుడు వాసిరెడ్డి వేంకటాద్రి నాయని కాలపు త్రవ్వకములలో స్తూపపు ఱాళ్లు బయటపడుచుండెను. 1816లో మరల వచ్చి చిత్రకారులను కూర్చుండబెట్టి ఒక్కొక్క ఱాతిని గీయించెను. చలువఱాళ్లు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి, కొన్ని చెదరిపోయినవి. నేడు వానిలో కొన్నిటికి ఆ కాగితముపై గీత తప్ప వేఱు ఆకారము లేదు. ఆ చిత్రములు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణము మా పాత యిల్లు. మట్టిమిద్దె, వీధివైపు పొడవైన అరుగు, అరుగుపై చెక్కడపు కఱ్ఱకంబములు. ముప్పదియేండ్ల క్రిందట దానిని పడగొట్టి సిమెంటు కప్పు వేయించితిమి. అప్పుడు మేము కచేరిలో సర్వే టిప్పణులకు, ఆకారబందులకు నకళ్లు వ్రాయుచుంటిమి. పరుల పొలముల గట్లు వందలకొలది గీచిన ఈ చేయి స్వంత అరుగును ఒక్కసారియైన గీయలేదు. ఇప్పుడు మా అన్నగారు కంబములు ఆరనియు, మా అక్కగారు నాలుగేయనియు పట్టుపట్టుదురు. మాకు అయిదని జ్ఞాపకము. అరుగుపై తీసిన పెండ్లి ఛాయాపటము ఒకటి కలదు. దానిలో కంబములన్నియు చుట్టముల వెనుకనే యున్నవి.

నేడు ఈ విద్యకు ప్రపంచమంతట సంఘములు వెలసినవి. అమెరికాలోని సియాటిల్ నగరమున పత్రికా చిత్రకారుడైన స్పెయినుదేశీయుడు గాబ్రియేలు కంపనారియో 2007లో దీనికి ఆరంభము చేసెను. వారి నియమములలో మాకు నచ్చినవి రెండు: ఛాయాపటము చూచి కాక ఎదుట కూర్చుండి గీయవలెను, చూచినదానికి సత్యముగా నుండవలెను. రెండవది మాటకు సులువేగాని పనికి సులువు కాదని పెనుగొండలో తెలిసినది.

1565లో రాక్షసి తంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు పెనుగొండను రాజధానిగా చేసికొనెను. అచటి గగనమహలు రెండంతస్తుల కట్టడము. క్రింద తురుష్కరీతి తోరణములు, పైన గుడిగోపురమువంటి శిఖరము. రెండు రీతులు ఒకే గోడలో కలిసిన తీరు కన్నుతో చూచినప్పటికన్న పెన్సిలుతో గీచునప్పుడే మాకు బోధపడినది. తోరణపు వంపు ఎచట ఆగి శిఖరపు మెట్లు ఎచట మొదలగునో చేయి తడబడి, మూడుసార్లు చెఱిపితిమి. ఎదుట చెట్టునీడ సీతాఫలములమ్ము ముదుసలి యొకతె కూర్చుండెను. ఆమెను, ఆమె గంపను కూడ వేసితిమి. ఆమె లేచి వచ్చి చూచి, "ఏమి సామీ, నా గంప వట్టిదిగా ఏసినావే! పొద్దున నిండా ఉండె, అట్ల ఏయి" అనెను. మేము గీచు వేళకు గంప వట్టిదే. నియమము గుర్తు వచ్చి ఊరకుంటిమి. ఆమె నవ్వి పోయినది గాని మా మనసున ఆ మాట నిలిచినది. ఎవరి సత్యము? అమ్మకము ముగించిన గంప ఆమెకు లాభమే గదా, వట్టిదిగా నుండుట ఏల నచ్చలేదో నేటికిని మాకు తెలియలేదు.

తిరుగుబాటలో రొద్దము దాటి ఎల్ల చేరగానే పలకలపై తెలుగు లిపి పోయి కన్నడ లిపి వచ్చును. బస్సులోని సంభాషణ మాత్రము మాఱదు. మా హోబళిలో తిరుమణి, వల్లూరు మొదలగు అయిదు గ్రామముల భూములలో, సుమారు 13,000 ఎకరములలో, సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2019 చివరకు 2,050 మెగావాట్లు పూర్తియైనవి. వేరుసెనగ పండిన మెట్టలపై నల్లని అద్దపు పలకలు చాళ్లవలె నిలిచియున్నవి. అవి గీయుటకు మాకు మొదట ఇష్టము లేకుండెను. గీయకున్నచో మఱల అరుగు కథయే యగునని, గత సంక్రాంతినాడు బాటప్రక్కన కూర్చుండి గీచితిమి. పలకల నడుమ మిగిలిన వేపచెట్టు నొకదానిని వేసితిమి.

బొమ్మల క్రింద ఊరి పేరు తెలుగున వ్రాయుట మా అలవాటు. మా మనుమరాలికి ఆ లిపి రాదు. చదువు కన్నడము, ఇంగ్లీషు. ఒకనాడు ఆమె పుస్తకము తీసికొని ప్రతి బొమ్మ క్రింద మమ్మడిగి కన్నడమున పేరు వ్రాసినది. గగనమహలు పుట వచ్చినప్పుడు గంపను చూపి, "తాతా, ఇందులో ఏముండె?" అని అడిగినది. సీతాఫలములని చెప్పితిమి. అదియు వ్రాసికొన్నది.