కారు రైలెక్కింది

మనల్ని మోస్తుందని కదా కారు కొనుక్కుంటాం! ఏ బదిలీ ఉత్తరువో చేతికి వచ్చిన రోజున మాత్రం ఆ కారును మోసేదెవరన్న ప్రశ్న పుడుతుంది. మంచాలూ బీరువాలూ నోరెత్తకుండా లారీ ఎక్కుతాయి. కారు అలా కాదు. దానికి పేరుంది, నెంబరుంది, కాగితాలున్నాయి, ఇన్సూరెన్సుంది. పల్లకీని ఇంకో పల్లకీలో పెట్టి పంపినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

సికింద్రాబాదు వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఈ ఊరు పుట్టిందే వచ్చేవాళ్ళతో, పోయేవాళ్ళతో. 1798లో నిజాముకూ ఇంగ్లీషు కంపెనీకీ కుదిరిన సంధి ప్రకారం ఇక్కడ కంపెనీ సైన్యం దిగింది. 1806లో సికందర్ జా పేరు మీద ఊరికి పేరు వచ్చింది. పటాలాలు వచ్చాయి, పోయాయి. ఇప్పటికీ తిరుమలగిరిలోనూ, బొల్లారంలోనూ రెండు మూడేళ్ళకోసారి గుమ్మం మీద పేరు బోర్డు మారే ఇళ్ళు కనిపిస్తాయి. సామాను కట్టడం, విప్పడం అన్న విద్య ఇక్కడి గాలిలోనే ఉంది.

కారు కంటే ముందు రైలు సంగతి చెప్పాలి. 1871 నాటికి బొంబాయి నుంచి వచ్చే ఇనుప దారి, మద్రాసు నుంచి వచ్చే ఇనుప దారి రాయచూరులో కలుసుకున్నాయి. ఆ దారికి వాడి అనే చిన్న ఊరు దగ్గర హైదరాబాదు రాజ్యం తన కొమ్మను అతికించింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఖర్చు నిజాముది. కంటోన్మెంటుకు బొంబాయి దగ్గర కావాలన్న తొందర మాత్రం దొరలది. అప్పటికి అయిదేళ్ళ కిందటే, 1869లో, సూయజ్ కాలువ తెరిచారు. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసిన ఓడలు అడ్డదారిన బొంబాయికి చేరసాగాయి. ఇంకేముంది, సీమ నుంచి సికింద్రాబాదు దాకా బాట పడింది. ఓడ దిగితే రైలు, రైలు దిగితే మన స్టేషను.

ఇందులో ఒక చిన్న విశేషముంది. వాడి లైను పెద్ద పట్టాల లైను, అంటే బ్రాడ్ గేజి. బొంబాయిలో వ్యాగను ఎక్కించిన బరువు, మధ్యలో దించకుండా సికింద్రాబాదులోనే దిగవచ్చు. తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన్మాడు దాకా వేసిన గోదావరి లోయ లైను మీటర్ గేజి. అటు నుంచి వచ్చే సరుకును మన్మాడులో ఒక బండి నుంచి దించి ఇంకో బండికి ఎక్కించాలి. ఎక్కడ దించితే అక్కడ ఒక సొట్ట పడే అవకాశం ఉన్నట్టే. వస్తువు ఎంత దూరం పోయిందన్నది కాదు, ఎన్ని చేతులు మారిందన్నదే ప్రమాదం. ఈ మాట ఆనాటికీ నిజమే, ఈనాటికీ నిజమే.

ఇంతకూ ఈ బాటన వచ్చిన మోటార్లలో అందరికీ తెలిసినది నిజాముగారి రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి సిల్వర్ ఘోస్ట్ బండికి ఆర్డరు పెట్టారు. ఆ రోజుల్లో కారు అంటే ఒక చోట తయారై రాదు. రోల్స్ రాయిస్ వాళ్ళు ఇంజనూ, చట్రమూ చేసి ఇస్తే, పైన దేహాన్ని బార్కర్ అనే బగ్గీల కంపెనీ లండన్‌లో కట్టింది. పసుపుపచ్చ రంగు, గుమ్మటం లాంటి కప్పు, లోపల వెనక భాగాన సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం. నలుగురు కలిసి వెళ్ళే బండి కాదది, ఊరేగే దర్బారు.

అయితే 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. కారు 1912 నాటిది. కోరుకున్నవారు ఒకరు, అందుకున్నవారు ఇంకొకరు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ గద్దె మీద ఉన్నప్పుడు వచ్చిన ఆ బండిని ప్రత్యేకమైన రోజుల్లోనే బయటికి తీసేవారట. లండన్ రేవు నుంచి బొంబాయికి సముద్రం మీద ఆరు వేల మైళ్ళకు పైమాటే. ఇన్నేళ్ళలో ఆ కారు తన చక్రాల మీద తాను తిరిగింది దాదాపు 350 మైళ్ళేనంటారు. తాను మోసిన దూరం కంటే తనను మోసిన దూరమే ఎక్కువ! చౌమహల్లా పాలెస్‌లో ఇప్పటికీ దాన్ని చూడవచ్చు. చూసినవాళ్ళంతా వెండి బంగారాల సంగతి చెప్పుకుంటారు. నాకు మాత్రం కంపెనీకి ఆర్డరు రాయించి, ఇక రాని బండి కోసం ఎదురుచూసిన ఆ మనిషే గుర్తుకొస్తాడు. బుక్ చేసిన రోజుకీ అందే రోజుకీ మధ్య జీవితం ఆగదు కదా.

నవాబుగారి బండి సరే, మన బండి మాటేమిటి? సామాన్యుడి కోసం సముద్రం దాటివచ్చిన మోటారు బస్సే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారే రోడ్డు రవాణా శాఖ పెట్టారు. ఇరవై ఏడు బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవి. వాటిలో 'దక్కన్ క్వీన్' అనే చిన్న బస్సును ఆర్టీసీ వారు ముచ్చటగా దాచిపెట్టారు. ఆర్టీసీ బస్సు నెంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహ్రా బేగం పేరులోదని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. తల్లి పేరు బండి మీద రాయించుకోవడం మన లారీ డ్రైవర్లు కనిపెట్టిన అలవాటు కాదన్నమాట.

స్వరాజ్యం వచ్చాక సీమ కార్లకు తలుపులు మూసుకున్నాయి. అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తరపాడలోనూ, ఫియట్ బొంబాయిలోనూ, స్టాండర్డ్ మద్రాసులోనూ తయారయ్యేవి. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. పెళ్ళిలో కారు ఇస్తామన్న మామగారు మనవడి అక్షరాభ్యాసం నాటికి మాట నిలబెట్టుకున్న సందర్భాలున్నాయంటే హాస్యానికి కాదు. బండి తయారైతే దాన్ని వ్యాగనులోనైనా పంపాలి, లేకపోతే ఎవరైనా తోలుకునైనా రావాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర తాళాలు తీసుకుని, తాత్కాలికపు నెంబరుతో, దారిలో దాబాల దగ్గర నడుం వాలుస్తూ వందల మైళ్ళు తోలుకొచ్చే డ్రైవర్లుండేవారు. కొత్త కారులో మొదటి సుదీర్ఘ ప్రయాణం యజమానిది కాదు, ఆ పేరు తెలియని మనిషిది. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక కార్లు పెరిగాయి, తోలుకొచ్చే పద్ధతి చాలలేదు. పెద్ద ట్రైలర్లు వచ్చాయి. ఇంటి సామాను కట్టి ఊరు దాటించడం ఒక వ్యాపారంగా నిలదొక్కుకున్నదీ ఆ దశకంలోనే. ఆ వ్యాపారం సికింద్రాబాదులో బాగా వేళ్ళూనిందంటే కారణం మళ్ళీ కంటోన్మెంటే. బదిలీలున్న చోట కట్టేవాళ్ళకు కరువేమిటి?

ఇక పంపే ముందు చేయవలసిన పనులు చూద్దాం. మొదటిది, కారును శుభ్రంగా కడిగించాలి. ఎలాగూ దుమ్ము పడుతుందిగా, ఎందుకు దండగ అంటారు మగవాళ్ళు. దుమ్ము కింద గీత కనపడదు. పంపిన రోజున కనపడని గీత, చేరిన రోజున తగాదా అవుతుంది. కడిగి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, తిరిగిన కిలోమీటర్లు ఎన్నో రాసి, తీసుకువెళ్ళే మనిషి సంతకం కాగితం మీద పెట్టించుకోవాలి. పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారె జాబితా రాసుకోమూ? అలాగే ఇదీ.

రెండోది, పెట్రోలు. రైలు పార్సిలులో మోటారు సైకిలు వేయాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. గోనెపట్టా చుట్టి, 'పెట్రోలు లేదు' అని రాసి, రిజిస్ట్రేషను కాగితం నకలు ఇవ్వాలి. సికింద్రాబాదు పార్సిలాఫీసు దగ్గర గోనెపట్టాలు చుట్టించుకుని చీరకట్టిన పిల్లల్లా నిలబడ్డ ఆ బళ్ళను చూడనివారుండరు. ట్రైలరు మీద వెళ్ళే కారు ఎక్కడానికి, దిగడానికి కొద్దిగా ఉంటే చాలు. నిండా పోయిస్తే బరువూ, భయమూ రెండూ ఎక్కువే.

మూడోది, అద్దానికి అంటించిన ఫాస్టాగ్. 2021లో అది లేనివారికి టోల్ గేటు దగ్గర రెట్టింపు వసూలు మొదలైంది. కారు ట్రైలరు మీద హాయిగా పడుకుని పోతూ ఉంటే, పైనున్న యంత్రం దాని ట్యాగు చదివి మన ఖాతాలో డబ్బు కోసేస్తుంది. కూర్చున్నవాడికి కూలి, మోసినవాడికీ కూలి! అందుకే దాన్ని తీయడమో, కప్పడమో మేలు.

నాలుగోది అసలైనది. "ఏమండీ, డిక్కీ ఖాళీగానే పోతోందిగా, ఆవకాయ జాడీ పెట్టేద్దామా?" అని అడగని ఇల్లాలు ఉందా మన దేశంలో! పెట్టకూడదమ్మా. ఇన్సూరెన్సు కారుకే గానీ ఆవకాయకు కాదు. బ్రేకు వేసినప్పుడు ఆ నూనె కార్పెట్టుకు ఇంకితే, తర్వాతి పదేళ్ళూ ఆ కారు ఎవరింటిదో వాసనే చెబుతుంది.

ఇన్ని చెప్పినా అసలు చిక్కు రసీదు వెనకాల చిన్న అక్షరాలలో ఉంది. రైల్వేలో 'ఓనర్స్ రిస్క్' అనీ, 'రైల్వే రిస్క్' అనీ రెండు రకాలు. మొదటిది చవక. కానీ వస్తువు పాడైతే రైల్వే వారి నిర్లక్ష్యం వల్లనే పాడైందని నిరూపించుకోవలసింది మనమే. ఇంకో మాట. 1989 రైల్వే చట్టం ప్రకారం ముందే విలువ ప్రకటించి, అందుకు తగిన రుసుము కట్టకపోతే, నష్టపరిహారానికి పరిమితి వస్తువు బరువును బట్టి లెక్క కడతారు. అంటే నాన్నగారి చేతి చెమట ఇంకిన స్టీరింగు కూడా కిలోల లెక్కనే! రోడ్డు మీద పంపినా ఇలాంటిదే. 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో కొత్తది వచ్చింది. అందులోనూ ఎక్కువ విలువ ముందుగా రాసివ్వకపోతే, బాధ్యత మనం కట్టిన కిరాయిని బట్టి పరిమితమవుతుంది. నష్టం జరిగితే ఆరు నెలలలోపు రాతపూర్వకంగా అడగాలి. కట్టేవాళ్ళూ, మోసేవాళ్ళూ చెడ్డవాళ్ళని కాదు. చట్టం మన మనసులో ఉన్న విలువను చదవలేదు. నోరు తెరిచి చెప్పాలి, కాగితం మీద రాయాలి. ఆడవాళ్ళం ఇంటి విషయంలో ఎన్నిసార్లు ఈ పాఠం నేర్చుకోలేదు!

కారు చేరగానే పని అయిపోదు. వేరే రాష్ట్రానికి శాశ్వతంగా తీసుకువెడుతుంటే ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. కావాలి. పన్నెండు నెలలకు మించి అక్కడే ఉంచితే కొత్త నెంబరు తీసుకోవాలన్నది 1988 మోటారు వాహనాల చట్టం. మాటిమాటికీ బదిలీ అయ్యేవారి అవస్థ చూసి 2021లో 'బి.హెచ్.' అక్షరాలతో దేశమంతా చెల్లే నెంబర్లు తెచ్చారు. అసలు మన సికింద్రాబాదులో కదలని కార్లకు కూడా అక్షరాలు కదిలాయి. మొదట ఏ.పి.10, 2014లో టి.ఎస్.10, 2024 మార్చి నుంచి టి.జి.10. ఇల్లు మారకుండానే ఒకే వీధిలో మూడు రకాల పలకలు! చరిత్ర పుస్తకం కొననక్కరలేదు, పార్కింగులో నడిస్తే చాలు.

చివరగా నాకు బాగా నచ్చిన ఒక సంగతి. వయసు మళ్ళిన రైలు పెట్టెలను మన రైల్వే వారు వెంటనే తుక్కు చేయరు. కొన్నిటికి సీట్లు పీకేసి, కిటికీలూ పక్క తలుపులూ మూసేసి, రెండు చివర్లా తలుపులు పెట్టి కార్లు మోసే వ్యాగన్లుగా మారుస్తారు. ఒకప్పుడు పెళ్ళిబృందాలనూ, పరీక్షలకు పోయే కుర్రాళ్ళనూ మోసిన పెట్టె, ముసలితనంలో కొత్త కార్లను కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. 2019లో పెనుకొండ దగ్గర కార్ల తయారీ మొదలైంది. కరువు సీమ అని పేరుపడ్డ అనంతపురం నేల మీద తయారైన కార్లు రైలెక్కి ఉత్తరాదికి, ఓడెక్కి విదేశాలకు వెళ్ళాయి. ఎక్కడో ఒక దేశంలో ఒక కుటుంబం ఆ కారు కోసం రోజులు లెక్కపెడుతూ ఉంటుంది. వాళ్ళు పెనుకొండ పేరు విని ఉండకపోవచ్చు. మహబూబ్ అలీఖాన్ కాలంలో సికింద్రాబాదు స్టేషనులో సీమ పెట్టెలు దించిన హమాలీలు లండన్‌ను చూశారా ఏమిటి? అయినా ఆ భుజాలు లేనిదే నవాబుగారికైనా కారు లేదు. మీ కారు పంపే రోజున ఆ చేతులకు ఒక గ్లాసుడు చాయ్ ఇవ్వడం మరిచిపోకండి. చిన్న అక్షరాలలో లేని భరోసా ఒక్కొక్కసారి అందులోనే ఉంటుంది.