క్షతవీరులు, వేటరుసుము, మంజీరతీరము

యుద్ధములో కాలో చేయో పోగొట్టుకొని యింటికి తిరిగివచ్చిన సైనికునికి ప్రభుత్వము ఏమి యీయవలెను? ఈ ప్రశ్నకు అమెరికాలోని పెక్కు రాష్ట్రములు చెప్పిన సమాధానములలో ఒకటి మన శ్రోతలకు వింతగా తోచును. అచట వేటాడుటకును, చేపలు పట్టుటకును లైసెన్సు కావలెను. అంగవైకల్యము పొందిన మాజీ సైనికునికి ఆ రుసుము తగ్గింతురు. టెక్సాస్‌లో, సైనికసేవవలన కలిగిన వైకల్యము నూటికి 50 పాళ్లున్నచో, ఉచితముగనే యిత్తురు. ఉచితముగా నీయక నామమాత్రపు రుసుము పుచ్చుకొనుటలోను ఒక లెక్క కలదు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము తుపాకులపైని, తూటాలపైని పన్నును వన్యప్రాణిరక్షణకై రాష్ట్రములకు పంచుదురు; సొమ్ము చెల్లించిన లైసెన్సుదారుల సంఖ్య ఆ పంపకమునకు ఒక కొలత. దానము చేయుచునే చిట్టాలో పేరు నిలుపుకొనుట యన్నమాట!

ఇక మన కంగ్టి ప్రాంతము. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినవచ్చు సరిహద్దు. రాష్ట్రకూటుల మాన్యఖేటము, చాళుక్యుల కళ్యాణము ఈ నేలకు మిక్కిలి దూరము కావు. ఆ కాలమున వేట ప్రభువుల వినోదము. భటునికి దక్కినది భూమి. కన్నడ శాసనములలో దానికి రెండు పేర్లు కలవు. 'బాళ్గచ్చు' అనగా కత్తి కడిగినందుకు ఇచ్చు బహుమానము. 'నెత్తర గొడగె' అనగా నెత్తురు చిందినందుకు ఇచ్చిన మాన్యము, మన రక్తమాన్యమే.

వేటయు, వీరసత్కారమును ఒకే శిలపై కలిసిన కథ యొకటి యున్నది. 949లో తక్కోలము వద్ద రాష్ట్రకూట మూడవ కృష్ణుడు చోళులను ఓడించెను. చోళ యువరాజు రాజాదిత్యుడు అచటనే కూలెను. కృష్ణుని పక్షమున పోరినవాడు గాంగరాజు బూతుగుడు. అతని భటుడు మణలేరుడు. అతని శౌర్యమునకు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మని ప్రభువనగా, మణలేరుడు కోరినది 'కాళి' యను వేటకుక్కను! ఆ కుక్క పిదప ఒక అడవిపందితో పోరి, దానిని చంపి తానును చచ్చినది. నేటి మండ్య జిల్లాలోని ఆటకూరులో దానికి శిల నిలిపి, ఆ శిలను పూజించుటకు పొలము కూడ ఇచ్చిరి. మణలేరునికి ఆటకూరు మొదలగు గ్రామములు బాళ్గచ్చుగా లభించినవి.

కుక్కకు సహితము శిల దక్కినది గాని, ఒక సంగతి గమనింపవలెను. బాళ్గచ్చు గెలిచినవానిది, నెత్తర గొడగె ముఖ్యముగా చచ్చినవాని యింటివారిది. కుంటుచు ఊరుచేరినవాడు ఈ రెండు మాటలలోను కనబడడు. వానిని ప్రత్యేకముగ లెక్కించినది ఆధునిక కాలపు వైకల్య పింఛను. 1949 నుండి డిసెంబరు 7న జరుగుచున్న పతాకదినపు విరాళములలోను వానికి భాగము కలదు.

అమెరికావారి రాయితీని ఇచటికి తేవచ్చునా? వేట విషయమున వీలుకాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట కొన్ని మృగముల వేటకు లైసెన్సులను ఉంచినది. 1991 సవరణ వానిని తొలగించినది. లేని రుసుమును తగ్గించుట యెట్లు? చేపల సంగతి వేరు. తెలంగాణపు చెరువులలో చేపలు పట్టు హక్కు చాలవరకు మత్స్యకారుల సహకార సంఘములది. గంగపుత్రులకు, ముదిరాజులకు అది కాలక్షేపము కాదు, కూడు. ఒక కష్టజీవి వాటాలోనుండి తీసి మరియొకనికి రాయితీ యిచ్చుట నాకు న్యాయముగ తోచదు. మంజీరలో కొంతభాగము మొసళ్లకై 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడినది కూడ.

అయినను, నీటియొడ్డున ఒక పూట కూర్చుండవలెనను కోరిక కాలు పోయినవానికి మాత్రము ఉండదా? సార్వజనిక స్థలములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. సింగూరు జలాశయపు తీరమున చక్రపుకుర్చీ దిగగల బాటను గూర్చి జిల్లా సైనిక సంక్షేమాధికారులును, నీటిపారుదల శాఖవారును కలిసి ఆలోచింపవచ్చును.