వేళ్లు మిగిల్చిన ఖాళీలు: రోమన్ ద్రాక్షసాగుకు నేలలోని ఆధారాలు

రోమన్ ద్రాక్షసాగును గురించిన మన అవగాహన చాలాకాలం గ్రంథాల మీదే ఆధారపడింది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన కొలుమెల్లా, ప్లినీలు తీగను ఎంత ఎడంతో నాటాలో, ఊతం ఎలా ఇవ్వాలో సవివరంగా రాశారు. అయితే అవి భూస్వాములను ఉద్దేశించిన ఉపదేశాలు. పొలంలో నిజంగా ఏం జరిగిందో నేలే చెప్పాలి.

ఆ నేలను చదవడం సులభం కాదు. ద్రాక్షగింజ దొరికినంత మాత్రాన అక్కడ తోట ఉన్నదనలేం. ఎండుద్రాక్ష దూరప్రాంతాలకు సరకుగా వెళ్లేది. పిండే యంత్రపు ఆనవాళ్లు ఒలీవ నూనెకు సంబంధించినవీ కావచ్చు. ఆంఫోరా జాడీ తాగినవారిని గురించి చెబుతుంది గాని పండించినవారిని గురించి కాదు. పుదుచ్చేరి సమీపాన అరికమేడులో ఆంఫోరా పెంకులు లభించాయి. అందువల్ల అక్కడ ద్రాక్షతోటలు ఉండేవని ఎవరూ వాదించరు. కాబట్టి మొక్క నిలిచిన చోటును చూపగల ఆధారమే ప్రధానం.

అటువంటి ఆధారం పాంపేయిలో దొరికింది. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు తోటలు అగ్నిపర్వత శిలాకణాల కింద పూడిపోయాయి. వేళ్లు కుళ్లి మట్టిలో ఖాళీలు ఏర్పడ్డాయి. ఆ కణాలు వాటిలోకి జారాయి. వాటిని జాగ్రత్తగా తోడి, సిమెంటు పోసి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తొలగిస్తే వేరు ఆకృతి బయటపడుతుంది. మృతదేహాల ఆకృతుల కోసం 1863లో ఫియొరెల్లి అనుసరించిన పద్ధతికి ఇది దగ్గరిది. విల్హెల్మినా జషెంస్కి 1960ల నుంచి ఈ పద్ధతిలో రంగశాల సమీపంలోని ఒక విశాల స్థలాన్ని తవ్వించారు. పశువుల సంత అని భావించడం వల్ల దానికి ‘ఫోరో బోయారియో’ అన్న పేరు స్థిరపడి ఉంది. తేలింది సంత కాదు, ద్రాక్షతోట: 2,014 తీగల వేళ్ల జాడలు, పక్కనే గుంజల గుంతలు, మధ్యమధ్య చెట్లు. తీగల మధ్య ఎడం సుమారు 4 రోమన్ అడుగులు. రసం పిండే గది, నేలలో పాతిన గోలేలు, ఆరుబయట భోజనవేదికలు కూడా ఉన్నాయి. నగర ప్రాకారం లోపలే ఇంత సాగు! నగరం వినియోగించేది, పల్లె పండించేది అన్న విభజనను పునఃపరిశీలించవలసి వచ్చింది ఇందువల్లనే.

బూడిద కప్పని చోట ఏం చేయాలి? బ్రిటన్‌లో తీగ పెరగదని టాసిటస్ 98 ప్రాంతంలో రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని తరువాతి శతాబ్దాలకూ వర్తింపజేయడం సబబు కాదు. నార్తాంప్టన్‌షైర్‌లోని వొలాస్టన్ వద్ద రోమన్ కాలపు సమాంతర కందకాలు బయటపడ్డాయి. కొలుమెల్లా, ప్లినీలు వర్ణించిన కందక పద్ధతికి అవి సరిపోలుతున్నాయి. కందకాలు మాత్రమే అయితే మరేదైనా పంటవని అనుకోవచ్చు; వాటి మట్టిలో ద్రాక్ష పుప్పొడి కూడా లభించింది. ఈ పుప్పొడి స్వల్పంగా ఉత్పత్తి అవుతుంది, దూరం పోదు. కనుక తీగ అక్కడే పెరిగిందనడం సమంజసం. అయితే పుప్పొడి తీగకే సాక్ష్యం. ఆ పండ్లతో మద్యం తీశారని చెప్పడానికి పిండిన చోటో, నిల్వచేసిన పాత్రో చూపాలి.