పట్టా లేని అమ్మానాన్నలకు సందర్శక వీసా

విదేశాల్లో చదువుతున్న బిడ్డను చూడ్డానికి తల్లిదండ్రులు వస్తామంటే వీసా అధికారి ముఖ్యంగా చూసేవి రెండు. ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? గడువు కాగానే తిరిగి వెళ్తారని నమ్మకం ఏమిటి? పట్నంలో ఉద్యోగం, సొంతిల్లు, పన్ను రిటర్నులు ఉన్నవాళ్లకు ఇవి మామూలు ప్రశ్నలు. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల పల్లెల్లో మిరప కోతలకూ తునికాకుకూ పోయే దళిత కుటుంబానికి ఇవే గోడలు. చాలామందికి భూమి లేదు. చేసుకునే చెక్క ఉన్నా దానికి కాగితం లేదు.

కాగితం లేకపోవడానికి కారణం ఉంది. ఇది ఐదో షెడ్యూల్ ఏజెన్సీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. ఆదివాసుల భూమికి అది కంచె. ఆ కంచె తీసేయాలనే వాదనతో మనకు పొత్తు లేదు. కానీ తరాలుగా ఇక్కడే కూలి చేసి బతికిన మాల, మాదిగలు కూడా చట్టం లెక్కలో గిరిజనేతరులే. భూములు కొనడానికి వచ్చిన షావుకారునూ వీళ్లనూ ఒకే గాటన కట్టారు. పోడు కొట్టుకున్నా అంతే. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీ కాని సాగుదారు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపించాలి. కూలోళ్ల ఇంట్లో తాత నాటి రుజువు ఎక్కడ దొరుకుతుంది? కోయ కుటుంబాల పరిస్థితి కొంత నయం. హక్కు పత్రం వచ్చి ఉంటే అది భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. అమ్ముకోవడానికి వీల్లేకపోయినా వారసత్వంగా వస్తుంది. వీసా దరఖాస్తులో అది బలమైన కాగితం. అనువాదం చేయించి తప్పక జతచేయాలి.

ఇక అసలు చిక్కు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లేది ప్రభుత్వ సాయంతోనే. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఫీజుతో పాటు బతుకు ఖర్చులకు బ్రిటన్‌లో ఏడాదికి 9,900 పౌండ్లు, అమెరికాలో 15,400 డాలర్లు ఇస్తుంది. రెండింటికీ కుటుంబ ఆదాయం పరిమితి లోపల ఉందని తహసీల్దారు ధ్రువపత్రం పెట్టాలి. అంటే చదువు కోసం పేదరికాన్ని రుజువు చేసిన ఇల్లే, వీసా కోసం కలిమిని రుజువు చేయాల్సి వస్తుంది. ఏజెంట్లు అడుగుపెట్టేది ఈ సందులోనే. నాలుగు రోజులకు ఖాతాలో అప్పు డబ్బు వేయిస్తామంటారు, లేని వ్యాపారం పేరుతో రిటర్ను దాఖలు చేయిస్తామంటారు.

ఈ పని ఎంతమాత్రం చేయకూడదు. హఠాత్తుగా వచ్చి పడ్డ మొత్తాన్ని అధికారులు ఇట్టే పసిగడతారు. మోసం చేశారని తేలితే బ్రిటన్ పదేళ్ల వరకు దరఖాస్తులు తిరస్కరిస్తుంది. అమెరికా చట్టంలో అది శాశ్వత అనర్హత దాకా పోతుంది. పైగా దొంగ ఆదాయం చూపిస్తే స్కాలర్‌షిప్‌కు ఇచ్చిన ఆదాయ పత్రమే అబద్ధమన్న ప్రశ్న రావచ్చు. అప్పుడు దెబ్బ చదువుకున్న బిడ్డ మీద పడుతుంది.

ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించే దారి ఉంది. ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆ కూలి డబ్బులు పడ్డ ఖాతా పుస్తకం, డ్వాక్రా సంఘం పొదుపు, అప్పు వాయిదాల పుస్తకం, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఇంట్లో చదువుకునే చిన్నపిల్లల బడి ధ్రువపత్రాలు, ఆధారపడ్డ ముసలివాళ్ల పింఛను కాగితాలు. ఏ ఒక్కటీ పట్టాకు సమానం కాదు. కానీ అన్నీ కలిస్తే ఊళ్లో వేళ్లున్న ఒక కుటుంబం కనిపిస్తుంది. వీటికి ఒక పేజీ లేఖ జతచేయాలి. వ్యవసాయ కూలీలం, ఇంత సంపాదన, ఖర్చు ఫలానావారు పెడుతున్నారు, ఫలానా తేదీన తిరిగొస్తాం అని. తిరిగొచ్చే తేదీ మిరప కోతలకు ముందు అయితే ఆ మాట కూడా రాయాలి. కోతల సీజన్ పోగొట్టుకోలేని మనిషి తిరిగొస్తాడు. అది మనకున్న నిజమైన ఆధారం.

ఖర్చు విద్యార్థి పెట్టుకుంటానంటే స్టైపెండు ఒక్క కడుపుకే సరిపోతుందని అధికారికి తెలుసు. బ్రిటన్ నిబంధనలు చట్టబద్ధంగా అక్కడున్న బంధువు, స్నేహితుడు ఖర్చు భరించడానికి ఒప్పుకుంటాయి. ఆ మనిషి జీతపు చీటీలు, బ్యాంకు వివరాలు పెట్టాలి. జర్మనీలో దీనికి వేరే హామీపత్రం ఉంది. అక్కడి విదేశీయుల కార్యాలయంలో ఆదాయం చూపించి తీసుకోవాలి. సంతకం పెట్టినవారు అతిథి వైద్యం ఖర్చుకు కూడా బాధ్యులు. స్నేహితుణ్ని అడిగే ముందు ఆ సంగతి చెప్పడం ధర్మం. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, రుసుము 90 యూరోలు, ఉండగలిగేది 180 రోజుల్లో 90. బ్రిటన్ బీమా అడగదు. కానీ ఆస్పత్రిలో చేరాల్సి వస్తే సందర్శకుల దగ్గర మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. బీపీ, షుగర్ ఉన్న తల్లిదండ్రులకు బీమా తీయకుండా టికెట్ కొనవద్దు.

అమెరికా బి-2 వీసాకు కాగితాల కన్నా ఇంటర్వ్యూ ముఖ్యం. అక్కడి చట్టంలోని 214(బి) ప్రకారం వచ్చే ప్రతి మనిషీ స్థిరపడడానికే వస్తున్నాడని ముందే అనుకుంటారు. కాదని నిరూపించే భారం మనదే. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మకు ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టించడం వల్ల చెడే తప్ప మేలు లేదు.

పాస్‌పోర్టు పని ఏడాది ముందే మొదలుపెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, జాబ్ కార్డులో ఒక పేరు, ఊళ్లో పిలిచేది ఇంకొకటి. చర్చి పేరు ఉన్నవాళ్లకు మరొకటి. అన్నీ ఆధార్‌కు సరిచేయించుకోవాలి. పదో తరగతి లేనివారి పాస్‌పోర్టుపై ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర పడుతుందని భయపెట్టి డబ్బు గుంజేవాళ్లున్నారు. ఆ తనిఖీ గల్ఫ్ వంటి 18 దేశాలకు పనికి వెళ్లేవారికే. 50 ఏళ్లు దాటినవారికి అసలు లేదు. ఇంకో మాట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు పల్లెలు మునిగాయి. ఇళ్లు మునిగితే కాగితాలూ మునుగుతాయి. ప్రతి పత్రాన్నీ ఫొటో తీసి బిడ్డ దగ్గర ఒక ప్రతి ఉంచాలి.

వీసా వచ్చాక మాట్లాడాల్సింది గది గురించి. యూనివర్సిటీ వసతిగృహాల్లో సాధారణంగా అతిథిని కొద్ది రాత్రులకు మించి ఉండనివ్వరు. అద్దె ఇంట్లో తోటి తెలుగు విద్యార్థులు ఉంటారు. ఏడాదిగా ఇంటిపేరుతో నెట్టుకొచ్చిన బిడ్డకు అమ్మ వచ్చిన మొదటి రోజే ప్రశ్న ఎదురవుతుంది. ‘ఆంటీ, మీరేమిట్లు?’ అమ్మ దాచదు. వాడ పేరు చెబుతుంది, వంటింట్లో తనకిష్టమైన మాంసం అడుగుతుంది. ఆ మర్నాటి నుంచి గిన్నెలు విడిపోయిన ఇళ్లున్నాయి. అమ్మానాన్నలకు అబద్ధం నేర్పడం కన్నా, వాళ్లు రాకముందే గదిలోవాళ్లకు బిడ్డే చెప్పేయడం మేలని నా అభిప్రాయం. కుదరదనిపిస్తే ఆ వారాలకు వేరే చోటు చూసుకోవాలి.

వివక్ష ఎదురైతే నిలబడడానికి కొన్నిచోట్ల ఆధారాలున్నాయి. బ్రాండైస్ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నర్ వెనక్కి పంపాడు. బ్రిటన్‌లో ఇంటిపనికి తెచ్చిన బీహార్ ఆదివాసీ మహిళ పర్మిలా తిర్కే కేసులో, కులం జాతిమూలం అనే అర్థంలోకి రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. ఫిర్యాదు చేయాలంటే సంఘటన జరిగిన రోజే తేదీతో రాసి, మెసేజ్‌లు భద్రపరచాలి.

గడువుకు ముందే తిరుగు ప్రయాణం చేయించండి. విమానం పాసులు, పాస్‌పోర్టు ముద్రలున్న పేజీల ఫొటోలు దాచండి. చెల్లెలి స్నాతకోత్సవానికి మళ్లీ దరఖాస్తు పెట్టేటప్పుడు, వెళ్లి తిరిగొచ్చిన ఆ ముద్రలే పట్టాకన్నా గట్టి కాగితం.