ముద్ర లేని పుస్తకానికి పూచీ ఎవరు? స్వతంత్ర ప్రచురణలో యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలలు – సిఫారసు బాధ్యత

సారాంశం

పెద్ద ప్రచురణ సంస్థల అండ లేకుండా ఇంగ్లిష్‌లో వెలువడిన యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలలకు పాఠకులు ఎలా దొరికారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2002 నుంచి 2022 వరకు వచ్చిన కొన్ని నవలల ప్రయాణం ఇందుకు ఆధారం. మామూలుగా సంపాదకుడు, ప్రచురణకర్త, లైబ్రేరియన్ పంచుకునే పనులు ఈ రంగంలో సిఫారసు చేసేవారి మీదే పడుతున్నాయి. కాబట్టి వారి మాటకు విలువ కట్టేటప్పుడు పుస్తకాన్ని ఎంత పొగిడారన్నది పక్కన పెట్టి, ఏయే వివరాలు బయటపెట్టారో చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. పరిధి

ఇంగ్లిష్ పుస్తక వ్యాపారంలో యంగ్ అడల్ట్ అంటే సుమారు 12 నుంచి 18 ఏళ్ల పాఠకుల కోసం వచ్చే సాహిత్యం. స్వతంత్ర ప్రచురణ కింద ఈ వ్యాసం మూడు రకాలను చేర్చుకుంది. రచయితే అచ్చు వేయించుకున్నవి లేదా ఈ-బుక్‌గా పెట్టుకున్నవి మొదటి రకం. పాఠకుల విరాళాలతో ధారావాహికగా వచ్చినవి రెండోది. కొద్దిమందితో నడిచే చిన్న సంస్థలు తెచ్చినవి మూడోది. అమ్మకాల సిబ్బంది, ప్రచారానికి డబ్బు, బడులకూ లైబ్రరీలకూ పుస్తకం చేర్చే సరఫరా దారి ఈ మూడింటికీ దాదాపు ఉండవు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, షాపులకు కమీషన్ మీద ఇచ్చి, మిగిలిన కాపీలు మిత్రులకు పంచడం తెలుగు రచయితలకు కొత్త కాదు. అందుకే ఆ పనిని మనవాళ్లు నామోషీగా చూడరు. అమెరికాలో సంగతి వేరు. డబ్బిచ్చి అచ్చు వేయించుకున్న పుస్తకమంటే, పదిమంది కాదన్నదే అయి ఉంటుందన్న అనుమానం అక్కడ చాలాకాలం నడిచింది. ఆ అనుమానాన్ని దాటించడమే సిఫారసు చేసేవారి మొదటి పని అయింది.

2. చేతి నుంచి చేతికి: ఎరగాన్

మొంటానా రాష్ట్రంలో ఇంటివద్దే చదువుకున్న క్రిస్టఫర్ పావొలీని పదిహేనేళ్ల వయసులో ఎరగాన్ నవల మొదలుపెట్టాడు. దాన్ని తల్లిదండ్రులే తమ సంస్థ తరఫున అచ్చు వేశారు. 2002లోనూ, 2003 మొదట్లోనూ ఆ కుటుంబం బడులు, లైబ్రరీలు, పుస్తకాల షాపులు తిరిగి 135 దాకా కార్యక్రమాలు చేసింది. కుర్రవాడు మధ్యయుగపు వేషం వేసుకుని తన కథ గురించి తానే చెప్పేవాడు.

మలుపు మాత్రం మరొకచోట వచ్చింది. సెలవులకు మొంటానా వచ్చిన నవలాకారుడు కార్ల్ హయాసెన్ సవతి కొడుకు ఈ పుస్తకం చదివి మెచ్చుకున్నాడు. ఆ మాట పట్టుకుని హయాసెన్ దీన్ని నాఫ్ సంస్థ దృష్టికి తెచ్చాడు. హయాసెన్ రాసిన పిల్లల నవల హూట్‌ను 2002లో ప్రచురించింది కూడా నాఫే. 2003 ఆగస్టులో ఎరగాన్ మళ్లీ సవరించిన ప్రతిగా అదే సంస్థ నుంచి వచ్చింది.

ఈ గొలుసులో మొదటి సిఫారసు పుస్తకం ఎవరి కోసం వచ్చిందో ఆ వయసు పాఠకుడిది. రెండోది, తన మాటకు తన ప్రచురణకర్త దగ్గర విలువ ఉన్న రచయితది. పుస్తకం తేలిపోతే హయాసెన్ పరపతికే దెబ్బ. పోగొట్టుకోవడానికి ఎంతో కొంత ఉన్నవాడు చెప్పాడు కాబట్టే ఆ మాటకు బరువు వచ్చింది. ఎరగాన్‌లో టోల్కీన్ ఛాయలు, స్టార్ వార్స్ ఛాయలు ఎక్కువన్న విమర్శ తర్వాత బలంగానే వచ్చింది. అయినా ఆ వయసు పిల్లలు ఆ నవలను వదలలేదు. పెద్దల కొలతకూ పిల్లల కొలతకూ తేడా ఉందని సిఫారసు చేసేవారు మొదట గుర్తించవలసింది ఇక్కడే.

3. ధర, పాఠకుల మాట: అమాండా హాకింగ్

మిన్నెసోటాలో వికలాంగుల వసతి గృహంలో పనిచేస్తున్న అమాండా హాకింగ్ 2010 ఏప్రిల్‌లో తన నవలలను అమెజాన్ కిండిల్‌లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ట్రోల్ జాతి కథ అయిన ట్రిల్ మూడు భాగాలు వాటిలో ఉన్నాయి. ఆ ఏడాది జూన్ చివర అమెజాన్ తన లెక్క మార్చింది. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర ఉన్న ఈ-బుక్కుకు రచయిత వాటా 70 శాతమైంది. అంతకంటే చవకగా ఇస్తే 35 శాతమే. మొదటి భాగాన్ని 99 సెంట్లకు ఇచ్చి, రుచి తగిలినవాళ్లకు తర్వాతి భాగాలను 2.99కు అమ్మే పద్ధతి దీనితో గిట్టుబాటయింది.

ధర ఒక్కటే అమ్మిపెట్టలేదు. తన పుస్తకాలు నలుగురి నోటా పడటానికి ఆన్‌లైన్‌లో సమీక్షలు రాసే పాఠకులే కారణమని హాకింగే చెప్పుకున్నారు. వాళ్లు అధికార విమర్శకులు కారు, అదే రకం పుస్తకాలు వరుసగా చదివేవాళ్లు. 2011 నాటికి అమ్మకాలు పది లక్షల కాపీలు దాటాయి. ఆ మార్చిలో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ ఆమె కొత్త సిరీస్‌కు 20 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఆమె ఎందుకు ఒప్పుకున్నారన్నది ఈ వ్యాసానికి ముఖ్యం. కూలికి సంపాదకులను పెట్టుకున్నా పుస్తకాల్లో తప్పులు మిగిలిపోతున్నాయని పాఠకులు చెబుతూనే ఉన్నారు. రాయడానికి పోవలసిన సమయం ఉత్తరాలకూ అట్టలకూ పోతోంది. సిఫారసు పుస్తకాన్ని జనంలోకి తీసుకెళ్లగలదు గానీ అచ్చుతప్పులు దిద్దలేదు. కథ బాగుందని చెబుతూ భాషలో లోపాలున్నాయని చెప్పని సిఫారసు సగం సమాచారాన్ని దాచిపెట్టినట్టే.

4. అవార్డు చేసిన పని

కేథరీన్ ఎమ్. వాలెంటే 2009లో ఫెయిరీలాండ్ నవలను తన వెబ్‌సైట్లో అధ్యాయాలుగా పెడుతూ, ఇష్టమున్నవాళ్లు విరాళం ఇవ్వమన్నారు. యువ పాఠకుల సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు ఇచ్చే ఆండ్రే నార్టన్ అవార్డు ఆ ఏటి పుస్తకాల్లో దానికే దక్కింది. పెద్ద సంస్థ నుంచి అచ్చు ప్రతి వచ్చింది 2011లో. అచ్చు ప్రతి రాకముందే అవార్డు ఆ పుస్తకానికి పూచీ పడింది.

రెండో ఉదాహరణ, 2020లో ఆర్గైల్ అనే చిన్న సంస్థ తెచ్చిన ఎ విజర్డ్స్ గైడ్ టు డిఫెన్సివ్ బేకింగ్. రచయిత్రి ఉర్సులా వెర్నన్. పిల్లల పుస్తకాలకు సొంత పేరు, పెద్దల పుస్తకాలకు టి. కింగ్‌ఫిషర్ అన్న కలంపేరు పెట్టుకోవడం ఆమె అలవాటు. పద్నాలుగేళ్ల మోనా కథ అయిన ఈ నవల మాత్రం కలంపేరుతోనే వచ్చింది. మోనాకున్న మంత్రశక్తి రొట్టెల పిండి మీద మాత్రమే పనిచేస్తుంది. కథ మొదలయ్యేసరికే బేకరీలో ఒక పిల్ల శవం కనిపిస్తుంది. చివరికి పట్టణాన్ని కాపాడే భారం మోనా మీద పడుతుంది. ఈ భారం పెద్దలు మోయవలసింది కదా, ఒక పిల్ల మీద ఎందుకు పడిందన్న కోపం నవల అంతటా ఉంటుంది. హాస్యమూ శవమూ ఒకే పేజీలో ఉండే ఈ పుస్తకం ఏ వయసువారిదని అడిగితే తేలిగ్గా జవాబు రాదు. 2021లో నార్టన్, లోడ్‌స్టార్, మిథోపోయిక్ అవార్డులు మూడూ దీనికే వచ్చాయి. ఈ అవార్డులు ఇది యువ పాఠకులదేనని తీర్మానించినట్టయింది. షాపు అరల్లో ఇమడని పుస్తకానికి ఆ తీర్మానం చోటు చూపించింది.

5. తిరస్కారాన్ని దాచని పోటీ

ఫాంటసీ రచయిత మార్క్ లారెన్స్ 2015లో స్వీయ ప్రచురణల కోసం ఎస్‌పీఎఫ్‌బీఓ అనే పోటీ మొదలుపెట్టారు. పది సమీక్షా బృందాలు, మూడు వందల పుస్తకాలు. ఒక్కో బృందం తన వాటాకు వచ్చిన ముప్పైలోంచి ఒకటి ఎంచుతుంది. అలా తేలిన పదింటినీ పది బృందాలూ చదివి మార్కులు వేస్తాయి. ప్రవేశ రుసుము లేదు. ఇక్కడికి వచ్చేవాటిలో పెద్దల నవలలే ఎక్కువ. అయినా ఆ పద్ధతి యువ సాహిత్యానికీ పనికొస్తుంది.

ఈ పోటీ విలువ విజేత పేరులో కంటే తీసేసిన పుస్తకాల సమీక్షల్లో ఎక్కువ కనిపిస్తుంది. చాలా బృందాలు ఏ పుస్తకాన్ని ఎందుకు పక్కన పెట్టాయో అందరికీ తెలిసేలా రాస్తాయి. ఆ కారణాలు చదివిన పాఠకుడు విభేదించవచ్చు కూడా. జొసాయా బాన్‌క్రాఫ్ట్ నవల సెన్లిన్ అసెండ్స్ రెండో ఏడాది పోటీలో తుది పదిలోకి రాలేదు. లారెన్స్ దాన్ని చదివి బాహాటంగా మెచ్చుకున్నారు. 2018లో ఆర్బిట్ సంస్థ మళ్లీ ప్రచురించింది. నిర్ణయం ఎలా జరిగిందో బయటికి కనిపించినందువల్లే అదే పోటీ తన పొరపాటును తానే సరిచేసుకోగలిగింది.

దీనికి ఎదురు కోణం డబ్బిచ్చి తెచ్చుకునే మాట. కిండిల్‌లో పది లక్షల కాపీలు అమ్మిన మొదటి స్వీయ ప్రచురణ రచయితగా 2011లో పేరు తెచ్చుకున్న థ్రిల్లర్ రచయిత జాన్ లాక్, మూడు వందల సమీక్షలు కొనుక్కున్నట్టు మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్ కథనంలో ఒప్పుకున్నారు. కర్కస్ పత్రిక స్వతంత్ర రచయితలకు రుసుము తీసుకుని సమీక్ష రాయిస్తుంది. మెచ్చుకుంటామని హామీ ఇవ్వదు. అయితే నచ్చని సమీక్షను బయటపెట్టకుండా ఉంచుకునే వీలు రచయితకు ఉంటుంది. సమీక్షకుడు నిజాయితీగానే రాసినా పాఠకుడికి చేరేవి ఏరిన మాటలే అవుతాయి.

6. యువ ఫాంటసీకే ఉన్న మూడు చిక్కులు

మొదటిది వయసు. కిండిల్‌లో పుస్తకం పెట్టేటప్పుడు ఏ విభాగం, ఏ వయసు అన్నది నింపేది రచయితే. ఆపైన బౌకర్ సంస్థ 2012లో అమెరికాలో జరిపిన సర్వేలో, యంగ్ అడల్ట్ పుస్తకాలు కొనేవారిలో 55 శాతం మంది 18 ఏళ్లు నిండినవాళ్లే అని తేలింది. కొన్న పుస్తకాల్లో ఎక్కువ భాగం తాము చదువుకోవడానికేనన్నారు. అంటే ఒక నవలకు వచ్చిన వంద మెచ్చుకోళ్లలో పదిహేనేళ్ల పాఠకుడి మాట ఎన్నింటిలో ఉందో తెలియదు. "పదమూడేళ్ల పిల్లకు ఇవ్వవచ్చు" అనేవారు ఎందుకని కూడా చెప్పాలి. చావు ఎలా చూపించారు, హింస ఎక్కడ ఆపారు, ప్రేమ ఎంతవరకు వెళ్లింది అన్న మూడు మాటలు ఏ రేటింగ్ నక్షత్రాల కంటే ఎక్కువ పనిచేస్తాయి.

రెండోది ప్రతి. ఇంతిసార్ ఖానానీ రాసిన థోర్న్, గ్రిమ్ సోదరుల బాతుల కాపరి పిల్ల కథకు కొత్త రూపం. 2012లో ఆమే ప్రచురించుకున్నారు. 2020లో హార్పర్‌టీన్ ద్వారా సవరించిన ప్రతి వచ్చింది. 2013లో థోర్న్‌ను మెచ్చుకున్న పాఠకుడు ఇవాళ షాపులో దొరికే ప్రతిని మెచ్చుకున్నట్టు కాదు. ఈ-బుక్కుల సంగతి ఇంకా కష్టం. రచయిత ఎప్పుడైనా కొత్త ఫైలు పెట్టుకోవచ్చు. ఏ ఏటి ప్రతి చదివారో చెప్పని సిఫారసుకు కాలదోషం పడుతుంది.

మూడోది సిరీస్. ఫాంటసీ ఒక్క పుస్తకంతో ముగియడం అరుదు. ఖానానీ కథా ప్రపంచంలోని ద థెఫ్ట్ ఆఫ్ సన్‌లైట్‌ను 2021లో హార్పర్‌టీనే తెచ్చింది. దాని కథను ముందుకు నడిపిన ఎ డార్క్‌నెస్ ఎట్ ద డోర్ మాత్రం 2022లో మళ్లీ స్వతంత్ర మార్గంలోనే వచ్చింది. ఒకే కథా ప్రపంచం బయటినుంచి లోపలికి, లోపలినుంచి బయటికి నడిచింది. పెద్ద సంస్థ తీసుకుంది కాబట్టి మంచి పుస్తకమన్న వాదన ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవదు. రచయిత్రి మారలేదు, పాఠకులూ మారలేదు, అట్ట మీది ముద్ర మాత్రమే మారింది. పెద్ద సంస్థ చేతికి వెళ్లడాన్నే విజయానికి గుర్తుగా చూపే జాబితాలు సగం రంగాన్ని వదిలేస్తాయి.

7. తెలుగు వైపు నుంచి

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌కు చేర్చిన అయిదు భారతీయ భాషలు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు అందులో లేదు. మన రచయితలు కినిగె, ప్రతిలిపి వంటి వేదికలనూ అచ్చునూ ఆశ్రయించారు. అందువల్ల హాకింగ్ నడిచిన దారి తెలుగులో అలాగే వేయడం కుదరలేదు.

మన దగ్గర ఈ పూచీ ఇంకో రూపంలో ఉండేది. 1954లో తోకచుక్కతో మొదలై చందమామలో ఏళ్ల తరబడి వచ్చిన జానపద ధారావాహికలు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. వాటిమీద ఆయన పేరు ఉండేది కాదు. అయినా తల్లిదండ్రులు సంకోచం లేకుండా పత్రికను పిల్లల చేతికిచ్చారు. చందమామ అన్న పేరే సిఫారసు. ఆ పత్రిక ఆగిపోయాక ఆ నమ్మకాన్ని తీసుకున్న మరో పేరు రాలేదు. తెలుగులో యువ ఫాంటసీ రాసి సొంతంగా వేసుకునేవారికి పాఠకులు కరువు కావడానికి ఇదీ ఒక కారణం. అచ్చు సాధనాలు అందరికీ వచ్చాయి. చదివి, ఏరి, ఫలానా వయసుకు ఫలానాది అని తన పేరు పెట్టి చెప్పేవారు రాలేదు.

8. ముగింపు

పైన చూసిన ఉదాహరణలన్నిటిలో పుస్తకాన్ని ముందుకు నడిపింది బాధ్యత తీసుకున్న మాటే. హయాసెన్ పరపతి, హాకింగ్ పాఠకుల పట్టుదల, అవార్డుల తీర్మానం, పోటీలో దాచకుండా చెప్పిన తిరస్కారం ఆ బాధ్యతకు వేరువేరు రూపాలు. కొన్న సమీక్షల్లో లేనిది అదే. కాబట్టి స్వతంత్ర యువ ఫాంటసీని సిఫారసు చేసేవారు పుస్తకం పూర్తిగా చదివారా, ఏ ప్రతి చదివారు, రచయితతో పరిచయం ఉందా, కాపీ ఉచితంగా వచ్చిందా, సిరీస్ ముగిసిందా, ఏ వయసుకు, ఎందుకు, లోపం ఏమిటి అన్నవి చెప్పాలి. ఒక పేరాలో ఇమిడిపోయే వివరాలివి. వీటిని అడగడం బడి లైబ్రేరియన్లు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అలవాటు చేసుకుంటే, ముద్ర ఉన్న పుస్తకాన్నీ లేనిదాన్నీ ఒకే తక్కెడలో తూచడం సాధ్యమవుతుంది. ఈ వివరాలు ఇవ్వలేని సిఫారసును, చెప్పింది ఎంత పేరున్నవారైనా, ప్రకటన కింద జమకట్టవచ్చు.