అయస్కాంత జాలకం నుంచి న్యూరల్ నెట్‌వర్క్ వరకు: ఒక భావ వినిమయ చరిత్ర

క్వాంటం భౌతికశాస్త్రంలో న్యూరల్ నెట్‌వర్క్‌ల వినియోగాన్ని కంప్యూటర్ శాస్త్రం అందించిన సాయంగా పరిగణించడం పరిపాటి. అయితే ఈ సంబంధానికి అంతకన్నా పూర్వచరిత్ర ఉంది.

అయస్కాంతత్వాన్ని వివరించడానికి విల్‌హెల్మ్ లెంజ్ 1920లో ఒక సరళ నమూనాను ప్రతిపాదించగా, ఆయన శిష్యుడు ఎర్నెస్ట్ ఈజింగ్ 1925లో దానిపై తన పరిశోధనను ప్రచురించాడు. క్రమబద్ధంగా అమరిన జాలకంలో ప్రతి బిందువు వద్ద పైకో కిందికో చూసే ఒక స్పిన్ ఉంటుంది. పొరుగు స్పిన్‌లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటాయి. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ ఇటువంటి స్పిన్ వ్యవస్థలతో పోలిక ఆధారంగా జ్ఞాపకశక్తికి నమూనాను రూపొందించాడు. 1985లో ఆక్లీ, హింటన్, సెజ్‌నోవ్‌స్కీ ప్రతిపాదించిన బోల్ట్జ్‌మన్ యంత్రం పేరులోనే గణాంక భౌతికశాస్త్ర వారసత్వం కనిపిస్తుంది.

ఈలోగా క్వాంటం జాలకాల సమస్య మరింత జటిలంగా మారింది. క్వాంటం స్థితిని పూర్తిగా వర్ణించాలంటే స్పిన్‌ల ప్రతి అమరికకూ ఒక సంఖ్య కావాలి. 10 స్పిన్‌లకు 1,024 అమరికలు. 40 స్పిన్‌లకు అవి లక్ష కోట్లు దాటుతాయి. ఒకే వరుసలోని హైసెన్‌బర్గ్ నమూనాకు హాన్స్ బేతే 1931లో కచ్చితమైన పరిష్కారం చూపినా, అది రెండు మితులకు విస్తరించలేదు. యాదృచ్ఛిక నమూనాలు తీసే మాంటే కార్లో పద్ధతికి, ధన రుణ సంఖ్యలు పరస్పరం రద్దయ్యే ‘చిహ్న సమస్య’ అడ్డుపడింది. ఆ సమస్యకు సాధారణ పరిష్కారం గణనపరంగా అత్యంత కఠినమని 2005లో మథియాస్ ట్రోయర్, ఊవ్-యెన్స్ వీజ నిరూపించారు.

అదే ట్రోయర్ 2017లో జ్యుసెప్పే కార్లియోతో కలిసి ‘సైన్స్’ పత్రికలో కొత్త మార్గాన్ని ప్రకటించాడు. వారు తరంగ ప్రమేయానికే ఒక పరిమిత బోల్ట్జ్‌మన్ యంత్రం రూపమిచ్చారు. స్పిన్‌ల అమరికను అందిస్తే ఆ నెట్‌వర్క్ దానికి సంబంధించిన సంఖ్యను ఇస్తుంది. దానికి ముందుగా సిద్ధం చేసిన ఉదాహరణలతో పనిలేదు. శక్తిని తగ్గించుకుంటూ పోవడమే దాని అభ్యాసం. ఏ ప్రయోగాత్మక తరంగ ప్రమేయపు శక్తీ వాస్తవ కనిష్ఠ శక్తికంటే తగ్గదన్న పాత సూత్రమే ఇక్కడ ప్రమాణం. 10×10 హైసెన్‌బర్గ్ జాలకంపై ఈ విధానం మంచి ఫలితాలనిచ్చింది.

ఆ ప్రమాణానికీ హద్దు ఉంది. శక్తి విలువ వాస్తవానికి చేరువైనంత మాత్రాన స్థితి యొక్క ఇతర లక్షణాలన్నీ సరిగా వచ్చినట్లు కాదు. పొరుగు స్పిన్‌ల ఆకాంక్షలు పొసగని జాలకాలలో చిహ్నాలను నేర్చుకోవడం నెట్‌వర్క్‌కూ కష్టమే. 2024 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు లభించడంతో తొలి రుణానికి గుర్తింపు దక్కింది. తిరిగివచ్చిన భావం భౌతికశాస్త్రానికి సమాధానంతోపాటు అవగాహననూ ఇవ్వగలదా అన్నది మాత్రం తేలవలసి ఉంది.